టెక్సాస్ రేంజ్‌లో ఏరిన ఖాళీ తూటాల ఇత్తడి బుడితి తెప్పించి కరిగించుకోవచ్చా?

బుడితి తాత

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలం బుడితి. ఇత్తడి పని మా తాతల కాలం నుంచీ ఉంది. పదకొండో ఏట తిత్తి దగ్గర కూచున్నాను, అరవై రెండో ఏట కళ్లు మసకలేసి మూస దగ్గర నుంచి లేచాను. ఇప్పుడు అరవై ఏడు.

మా వాడు డాలస్ దగ్గర ఉంటన్నాడు. గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లయింది. కిందటేడు నన్నూ వాళ్లమ్మనీ అయిదు నెలలు ఉంచుకున్నాడు. వాడికి తుపాకీ గురి సరదా. ఆదివారం పూట రేంజ్‌కి ఎల్తూ నన్నూ తీసుకెళ్లేవాడు. చెవులకి డిప్పలు పెట్టి, కళ్లకి అద్దాలు పెట్టి, వెనకాల బల్ల మీద కూచోబెట్టేవాడు. నేను తుపాకీ ముట్టలేదు, ముట్టాలనీ లేదు. నా చూపంతా నేల మీదే ఉండీది.

నేలంతా ఇత్తడే బాబూ. కళ్లంలో వడ్లు ఒలికినట్టు ఒలికిపోయి ఉంది. ఒకళ్లు దాన్ని తొక్కుకుంటూ పోతారు, ఒకళ్లు చీపురుతో ఊడ్చి బకెట్టులో పోస్తారు. బియ్యపు గింజ కాలి కింద పడితే మనం కళ్లకద్దుకుంటాం. నాకు ఇత్తడి అంతే. గంట కొట్టి కాల్పులు ఆపించి, అందరూ గీత ఎనక్కి వచ్చాక, మా వాడి కాళ్ల దగ్గర పడ్డవి ఒంగి ఏరడం మొదలెట్టాను. పక్కవాళ్లవి ముట్టకూడదంట, మనం కాల్చినవే మనం తీసుకోవాలంట. అలాగే చేశాను.

ఒకటి అరచేతిలో పెట్టుకుని ఎండకి చూశాను. నా చిటికెన వేలి కొసంత ఉంది. మూతి దగ్గర మసి. అడుగున చుట్టూ ఒక గాడి, నడిమధ్య చిన్న బిళ్ల, ఆ బిళ్ల మీద దబ్బనంతో పొడిచినట్టు గుంట. మూతి దగ్గర రేకులా పలచన, అడుగుకి పోయేకొద్దీ మందం. అతుకు ఎక్కడా లేదు. ఒక్క బిళ్లని గుద్ది గుద్ది లోతు చేసి గొట్టం లాగారు. ఆ పని చేసినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. ఇంటికొచ్చి వంటింటి కాటా మీద వంద తూస్తే 390 గ్రాములు వచ్చాయి. అంటే 250కి కొంచెం అటూ ఇటుగా కేజీ.

ఇప్పుడు నేను అడిగీది ఏటంటే. మా వాడు సంక్రాంతికి వస్తన్నాడు. వాడి షెడ్డులో రెండు డబ్బాల నిండా ఇవి ఉన్నాయి. ఒక రెండు కేజీలు పెట్టెలో ఏసుకుని రమ్మంటే, ఇక్కడ మా తమ్ముడి కొలిమిలో కరిగించి మనవరాలికి ఒక చెంబు పోయించాలని నా కోరిక. ఆ గుంటకి వచ్చే మాఘంలో అయిదో ఏడు. వాళ్ల నాన్న చేతిలోంచి రాలిన ఇత్తడి, వాళ్ల తాత ఊళ్లో చెంబు కావాలి. తేవచ్చా, తేకూడదా? ఎయిర్‌పోర్టులో ఏటంటారు?

రెండోది. మా వాడు ఆ ఖాళీల్లోనే మళ్లీ మందు కూరి వాడతన్నాడు. ఇత్తడిని కొట్టేకొద్దీ గట్టిపడిపోద్ది, గట్టిపడితే చిట్లిపోద్ది. అది నాకు తెలుసు. ఒక్కో ఖాళీ ఎన్నిసార్లు ఓర్చుకుంటాది? వాడిని అడిగితే "నీకెందుకు నాన్నా భయం" అంటాడు. భయం కాక మరేటి. మొహానికి జానెడు దూరంలో పేలీ వస్తువు.

తెలిసినోళ్లు చెప్పండి.

టెక్కలి హవల్దార్

అన్నగారూ, నమస్కారం. నేను ఫౌజులో ఇరవై రెండేళ్లు చేసి వచ్చాను. అందులో పద్నాలుగేళ్లు ఆయుధాల మరమ్మతు పనే. మొదట మీ ప్రశ్నకి సూటిగా జవాబు: తేవద్దు. ఒక్కటి కూడా తేవద్దు. జేబులో మరిచిపోయి కూడా తేవద్దు. మీ అబ్బాయిని బయల్దేరే ముందు పెట్టెలూ, బ్యాగు అరలూ, పాత జీన్సు జేబులూ దులుపుకోమనండి. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగు అసలు ప్రయాణానికే వాడొద్దనండి.

మా అమ్మాయి శ్రీకాకుళం కోర్టులో ప్రాక్టీసు చేస్తోంది. తనని అడిగి రాస్తున్నాను. 1959 ఆయుధాల చట్టంలో అమ్యూనిషన్ అంటే నిండు తూటా ఒక్కటే కాదు, దాని భాగాలు కూడా. బయటి దేశం నుంచి తేవాలంటే 10వ సెక్షన్ కింద లైసెన్సు కావాలి. అదే చట్టం 45వ సెక్షన్‌లో చిన్న చిన్న భాగాలకు మినహాయింపు ఉంది, వేరే భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకపోతే. కాబట్టి చెంబు కోసమే తెచ్చామని వాదించుకోవడానికి దారి ఉంది. కానీ ఆ వాదన ఎక్కడ చెప్పుకోవాలి? ఎక్స్‌రేలో ఆకారం కనపడగానే విమానం ఎక్కేవాడిని పక్కకి తీస్తారు. పోలీస్ స్టేషన్, పంచనామా, ల్యాబుకి పంపడం, తర్వాత కోర్టు. సంక్రాంతి మూడు రోజులూ అక్కడే అయిపోతాయి. పాస్‌పోర్టు మీద బతికే కుర్రాడికి ఆ తలనొప్పి మనం చేతులారా తేకూడదు.

ఇంకో మాట. మీరు ఖాళీ అంటున్నారు, మేము ఖోకా అంటాం. ఫౌజులో ఖోకాకి ఉన్న లెక్క బంగారానికి ఉండదు. ఎన్ని రౌండ్లు, అంటే నిండు తూటాలు, ఇచ్చారో, కాల్చాక అన్ని ఖోకాలు వెనక్కి రావాలి. మిగిలిన రౌండ్లు, ఖోకాలు కలిపితే ఇచ్చిన లెక్కకి సరిపోవాలి. రేంజ్ వదిలే ముందు నా దగ్గర రౌండు గానీ ఖోకా గానీ లేదని ఒక్కొక్కడూ నోటితో చెప్పి కదలాలి. ఒక్కటి తగ్గితే చీకటి పడినా వెతుకుతాం. దానికి కారణం ఉంది. పిన్ను పొడిచిన గుంట, ఖోకాని బయటికి లాగిన కొక్కెం గీత, ఇవి ఆ తుపాకీకి వేలిముద్రలు. ఒక తుపాకీ ఖోకా తీసుకెళ్లి ఇంకోచోట పారేస్తే కేసు ఎటు పోతుందో ఆలోచించండి. పైగా ఎవడైనా మళ్లీ నింపితే అది మళ్లీ తూటానే. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం 5వ సెక్షన్ కింద నేరం. అమెరికాలో మీ వాడు చేసేది అక్కడి చట్టం ప్రకారం చెల్లుతుంది. అదే పని బుడితిలో ఇంటి వెనక చేస్తే చెల్లదు.

అడుగున అక్షరాలు చూశారా? నేను చేరిన కొత్తలో .303 ఖోకాల వెనక కె.ఎఫ్. అని ఉండేది. కిర్కీ ఫ్యాక్టరీ. అక్షరం, సంవత్సరం చూసి అవి ఎప్పటివో చెప్పేవాళ్లం. మీ అబ్బాయి దగ్గరున్నవాటి మీదా ఏదో ఒక గుర్తు ఉంటుంది.

మళ్లీ నింపడం గురించి అమెరికాలో చేసేవాళ్లు చెప్పాలి. నేను చెప్పను.

బొబ్బిలి కుర్రాడు

తాతగారూ, నేనూ డాలస్ చుట్టుపక్కలే. మాది బొబ్బిలి. ఏడేళ్లుగా రీలోడింగ్, అంటే ఖాళీల్లో మళ్లీ మందు కూరే పని, చేస్తున్నాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. అతుకు లేదని మీరు పట్టుకున్న తీరు చూసి మా నాన్నకి ఫోన్ చేసి చదివి వినిపించాను.

హవల్దార్ గారు చెప్పింది ఇండియా వైపు. ఈ వైపు కూడా ఒకటుంది, చాలామందికి తెలీదు. ఇక్కడి ఫెడరల్ చట్టంలో అమ్యూనిషన్ అనే మాటకి అర్థం రాసినచోట ఖాళీ కేసు (మీరు ఏరిన ఇత్తడి గొట్టం), ప్రైమర్ (దాని అడుగున మంటపుట్టించే బిళ్ల), గుండు, మందు నాలుగింటినీ విడివిడిగా చెప్పారు. అంటే ఖాళీ కేసు కూడా లెక్కలోకే వస్తుంది. విజిట్ వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ ఉండకూడదు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. మీరు ఏరి అబ్బాయి బకెట్టులో వేశారు, సరే. మళ్లీ వచ్చినప్పుడు మాత్రం ఏరే పని అబ్బాయికే వదిలేయండి. మీ సంచిలో, మీ గదిలో ఒక్కటి కూడా పెట్టుకోవద్దు. ఇంకా, వాడుకకు పనికొచ్చే ఖాళీ కేసులు అమెరికా నుంచి బయటికి పంపాలంటే ఎగుమతి నియమాలున్నాయి. మళ్లీ కేసుగా వాడే వీలు లేకుండా నలగ్గొట్టినవీ కోసినవీ కాల్చి పాడుచేసినవీ ఆ నియమాల్లోకి రావు. అయినా నలిగిన ఇత్తడి సంచి పట్టుకుని ఎక్స్‌రే ముందు నిలబడమని నేనైతే ఎవరికీ చెప్పను.

ఇప్పుడు మీ భయం సంగతి. మీరు అడిగిన ప్రశ్న ఈ పనిలో అసలైన ప్రశ్న. తూటాలో నాలుగు ముక్కలు: కేసు, ప్రైమర్, మందు, గుండు. కాల్చాక మిగిలేది కేసు ఒక్కటే. నాలుగింటిలో ఖరీదైనదీ మళ్లీ పనికొచ్చేదీ అదే, అందుకే ఏరుకుంటాం. మీరు తూచినవి 9 ఎం.ఎం. పిస్తోలువి, పొడవు 19 మిల్లీమీటర్లు. వాటిలో ఒత్తిడి రైఫిల్ అంత ఉండదు, పది సార్లకు పైనే ఓర్చుకుంటాయి. సీసా మెడలా సన్నగా ఉండే రైఫిల్ కేసులు అంత ఓర్చుకోవు. నేను ఒక్కో విడత కేసుల్ని ఒక్కో డబ్బాలో పెట్టి, ఎన్నోసారి నింపానో మూత మీద రాస్తాను. డబ్బాలు కలిస్తే ఆ కేసులు నింపను.

ఇంటికి తెచ్చాక మొదటి పని అయస్కాంతం తిప్పడం. ఇత్తడి పూత పూసిన ఇనుపవి అంటుకుంటాయి, పక్కన పడేస్తాను. అల్యూమినియంవి చేతికి తేలిగ్గా తెలిసిపోతాయి. తర్వాత లోపలికి లైటు వేసి చూస్తాను. అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటే బాక్సర్ రకం, సన్నటి మొల దింపితే పాత ప్రైమర్ ఊడి వస్తుంది. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్ రకం, అవి నేను ముట్టుకోను. బాక్సర్ ఇంగ్లండు సైన్యం మనిషి, బెర్డాన్ అమెరికావాడు. అమెరికాలో వాడేది మాత్రం బాక్సర్‌దే.

ఇక మీరు చెప్పిన చిట్లడం. రెండు చోట్ల వస్తుంది. మూతి దగ్గర నిలువుగా చీలేది కంటికి కనపడుతుంది, గుప్పెడు కేసులు గలగల్లాడిస్తే చీలినది బొంగురుగా మోగుతుంది. రెండోది ప్రమాదకరం. రైఫిల్ కేసులో అడుగుకి కాస్త పైన, లోపలివైపు చుట్టూ పలచబడుతుంది. బయటికి ఒక మెరిసే గీతలా ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. సన్నటి తీగ కొస వంచి, లోపల గోడకి ఆనించి, అడుగు నుంచి పైకి లాగుతాను. పలచబడిన చోట తీగ గాడిలో పడ్డట్టు తడుతుంది. తడితే ఆ కేసుని అక్కడికక్కడే కటింగ్ ప్లయరుతో నొక్కి చెత్త డబ్బాలో వేస్తాను. నింపితే తర్వాతి గుండుకి అడుగు ఒకచోట, మిగతా గొట్టం ఒకచోట తెగుతుంది.

మందు తూచేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు, గురివింద గింజలో సగం కంటే కాస్త ఎక్కువ. కంసాలి తక్కెడ ఎలా చూస్తాడో అలా చూడాలి. మందు కంపెనీలు అచ్చేసిన పుస్తకంలో ఉన్న కొలతే, ఎవడో నెట్‌లో రాసిన కొలత కాదు. చిన్న కేసులో పొరపాటున రెండుసార్లు మందు పడితే తుపాకీ పగులుతుంది. అందుకే ట్రేలో యాభై నిలబెట్టి, గుండు పెట్టేముందు ప్రతి దాంట్లోకీ టార్చి వేసి చూస్తాను. ఫోన్ పక్క గదిలో పెడతాను. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వను. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, చేతులు సబ్బుతో కడిగాకే అన్నం ముట్టాలి. మీ మనవరాలు షెడ్డులోకి వెళ్తుంటే ఆ ఒక్కటీ ఈ రాత్రే అబ్బాయికి చెప్పండి.

మీ అబ్బాయి ఇవన్నీ చేస్తున్నాడో లేదో అడగండి. చేస్తుంటే భయపడక్కర్లేదు.

బుడితి తాత

బాబూ బొబ్బిలీ, చల్లగా ఉండు. నువ్వు రాసింది మా వాడికి పంపించి రాత్రి వీడియోలో కూచోబెట్టాను. తీగ పరీక్ష వాడికి తెలుసు. డబ్బా మీద లెక్క మాత్రం రాయడం లేదంట. రాయమన్నాను. కళ్ల ముందే స్కెచ్చు పెన్ను తెచ్చి రాశాడు. గుంట షెడ్డులోకి ఎల్తన్నాది, వాళ్లమ్మకి చెప్పి తాళం ఏయించాను.

హవల్దార్ తమ్ముడూ, నీ మాట ఇన్నాను. తేవొద్దని చెప్పేశాను. మనసు చివుక్కుమంది గానీ, పండక్కి కొడుకు ఇంట్లో ఉండాల, స్టేషన్‌లో కాదు.

ఒక సందేహం. పొడుగు మెడ ఖాళీల్లో కొన్నింటికి మెడ చుట్టూ నీలం, గోధుమ రంగు మచ్చ ఉంది. అది కాక తగిలిన రంగు. మా దగ్గర బిందె అంచు కొట్టి కొట్టి గట్టిపడ్డాక కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ సుత్తికి లొంగుద్ది. ఇనుమైతే ముంచితే గట్టిపడుద్ది, ఇత్తడి అలా కాదు. ఆ రంగు చూస్తే ఈళ్లూ అదే పని చేశారనిపిస్తంది. మరి మా వాడు పాతబడ్డ ఖాళీల్ని మొత్తం ఎర్రగా కాల్చి మెత్తబరిచి వాడుకోవచ్చు కాదేటి?

ఇంకోటి కూడా చెప్పాలి. అక్కడున్నప్పుడు చింతపండు నీళ్లలో ఒక గుప్పెడు నానబెట్టి తోమాను. బంగారంలా వచ్చాయి. ఒక పది మాత్రం మరిచిపోయి రాత్రంతా ఒగ్గేశాను, పొద్దుటికి ఎర్రగా రాగిరంగు తేలాయి. తుత్తునాగం పులుపుకి కరిగిపోయి రాగి పైకి తేలినట్టుంది. అవి వాడొద్దని మా వాడికి చెప్పి పక్కన పెట్టించాను. మంచి పనే చేశానా?

బొబ్బిలి కుర్రాడు

తాతగారూ, పక్కన పెట్టించడం చాలా మంచి పని. పులుపులో ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలో బలం పోతుంది. ఇక్కడ మేమూ నిమ్మ ఉప్పు నీళ్లలో కడుగుతాం, నిమిషాల లెక్కనే. లేదంటే అక్రోటు డిప్పల పొట్టు వేసి డబ్బాలో గంటల తరబడి తిప్పుతాం.

మెడ మీది రంగు మీరు చెప్పినట్టు కాకదే. ఫ్యాక్టరీలోనే మెడని కాల్చి మెత్తబరుస్తారు. కానీ మొత్తం కాల్చడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఇది దయచేసి అబ్బాయికి కూడా చెప్పండి. బిందెకి అంచూ అడుగూ ఒకే మెత్తన ఉన్నా నష్టం లేదు. కేసుకి అలా కాదు. మూతి మెత్తగా ఉండాలి, గుండుని పట్టుకోవాలి, వదలాలి. అడుగు గట్టిగా ఉండాలి, పేలుడంతా అక్కడే ఆనుతుంది. అడుగు మెత్తబడితే వేడిగాలి వెనక్కి, మొహం మీదకి తన్నుతుంది. అందుకే మెడకి కొన్ని క్షణాలే మంట చూపిస్తాం, అడుగు చల్లగా ఉండేలా పట్టుకుంటాం. ఒకసారి అడుగు దాకా కాకెక్కిందంటే అది ఇక పాత ఇత్తడే, ఎంత మెరిసినా.

మీరు కాక గురించి అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. అమ్మోనియా ఉన్న పాలిష్ ఇత్తడి కేసులకి వాడొద్దని రీలోడింగ్ చేసేవాళ్లందరూ అంటారు. ఆ సంగతి తెలిసింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం కాలంలో వానాకాలం గుర్రపు సాలల్లో తూటాలు నిలవ చేస్తే, ఎవరూ ముట్టకుండానే కేసులు వాటంతట అవే చీలిపోయేవి. కాలాన్ని బట్టి వస్తోంది కదా అని దానికి ఇంగ్లీషులో సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. అసలు కారణం 1921లో తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వానాకాలపు తేమ, గొట్టం లాగినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, మూడూ కలిస్తే చీలుతుంది. కాల్చి ఆ బిగువు సడలిస్తే చీలడం ఆగింది.

బుడితి తాత

మా అమ్మ ఇత్తడి బిందె పశువుల సాలలో పెట్టనిచ్చేది కాదు. మైల అనుకునీవాణ్ణి. ఇన్నాళ్లకి తెలిసింది. రాత్రి మా తమ్ముడికి చెప్తే వాడు చాలాసేపు మాటాడలేదు.

విజయనగరం మాస్టారు

పెద్దాయనా, నమస్కారం. హవల్దార్ గారు చెప్పిన ఖోకా లెక్క నిజమని నా అనుభవం ఒకటి రాస్తాను. నేను హైస్కూల్లో ఎన్.సి.సి. చూస్తాను. నాలుగేళ్ల కిందట క్యాంపులో పిల్లలతో .22 రైఫిల్ కాల్పించారు. ఆఖరి బ్యాచ్ అయ్యాక లెక్కేస్తే ఒక ఖాళీ తగ్గింది. మధ్యాహ్నం రెండు గంటలు, ఏప్రిల్ ఎండ. పిల్లల్ని చేయీ చేయీ తగిలేలా వరసగా నిలబెట్టి మోకాళ్ల మీద గడ్డి వెతికించారు. గంటన్నర. ఒక పిల్ల కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. నేను ఆపమని అడిగాను, ఆపలేదు. చివరికి తొమ్మిదో తరగతి పిల్లాడు ఏడుస్తూ బూటు విప్పి మేజోడులోంచి తీసి ఇచ్చాడు. తాళాల గుత్తికి కట్టుకుందామని తీసుకున్నాడట.

వాడిని నేను కొట్టలేదు, తిట్టలేదు. ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఆ లెక్క ఎందుకో చెప్పాను. ముందే చెప్పి ఉంటే వాడు తీసేవాడే కాదు. అప్పటి నుంచి ప్రతి క్యాంపుకి ముందు రోజు, కాల్చడం నేర్పే ముందే ఖాళీల సంగతి చెబుతున్నాను. మళ్లీ ఒక్కటి తగ్గలేదు.

పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి ఇక్కడ కూడా పనికొస్తుంది. .22 ఖాళీని మళ్లీ నింపలేరు. దానికి నడుమ ప్రైమర్ బిళ్ల ఉండదు, మంటపుట్టే మందు అడుగు అంచు మడతలోనే ఉంటుంది. పిన్ను ఆ అంచునే నలగ్గొడుతుంది. ఒకసారి నలిగాక అంతే.

తాతగారూ, ఒక వేరే సహాయం. మా బడికి పాత కంచు గంట ఉంది, దాతలెవరో ఇచ్చింది. అంచు దగ్గర బెత్తెడు పగులు వచ్చింది. ఇప్పుడు కొడితే తుప్ తుప్ మంటోంది. అతికించొచ్చా? వెల్డింగ్ చేస్తానని ఒకాయన అంటున్నాడు.

బుడితి తాత

మాస్టారూ, వెల్డింగ్ వద్దు. మీ చేతులు పట్టుకుని చెప్తన్నాను. కంచులో రాగీ తగరమూ ఉంటాయి. గాజులా పెళుసు. ఒకచోట మంట పెడితే పక్కన ఇంకో పగులు లేస్తాది, అతికినా ఆ మోత రావడం కష్టం. మా చేతిలో ఉన్న దారి గంట మొత్తం కరిగించి మళ్లీ పోయడమే. బరువు తూచి చెప్పండి. మూసలో కొంత తరుగు పోద్ది, ఆ మేరకి కొత్త కంచు కలపాల.

మనవరాలి చెంబు సంగతి తేలిపోయింది, చెప్తాను. మా వాడి దగ్గర చీలినవీ, పలచబడ్డవీ, నేను చింతపండులో పాడుచేసినవీ, అన్నీ కలిపి ఒక కేజీన్నర ఉన్నాయంట. నలగ్గొట్టి అక్కడే పాత ఇత్తడి కొనేవాళ్లకి ఇచ్చేయమన్నాను. ఇచ్చేముందు ప్రతిదీ చేత్తో చూడమన్నాను, పేలనిది ఒక్కటి కలిసినా కొలిమి దగ్గరున్నవాడి ప్రాణం పోద్ది. పాత ఇత్తడి సంచుల్లో ఏటేటి వస్తాయో నేను చూశాను. తాళాలూ, కుళాయిలూ, ఒకసారి మూత బిగించిన డబ్బా ఒకటి, లోపల నీళ్లు. మూస దగ్గర దాన్ని కొట్టి చూసినవాడు మా నాన్న, లేకపోతే నేను ఇది రాయడానికి ఉండకపోదును.

ఇంకా ఆలోచిస్తే ఆ ఇత్తడి పోతకి అంత అనువైనదీ కాదు. వందకి డెబ్బై రాగి, ముప్పై తుత్తునాగం అని మా వాడు చదివి చెప్పాడు. అది సుత్తి కింద సాగే రకం. పోతకి మేము తుత్తునాగం ఇంకా ఎక్కువ ఏస్తాం, అరవైకి నలభై దాకా. ఏసినప్పుడు తెల్లపొగ లేస్తాది. ఆ పొగ పీల్చిన రాత్రి చలిజ్వరం వచ్చి వణికిపోతాం, తెల్లారితే తగ్గిపోద్ది. నా వయసులో ఇరవై నాళ్లైనా అలా పడుకున్నాను. ఇప్పుడు కుర్రాళ్లకి మూతికి గుడ్డ కట్టుకోమంటే కట్టుకోరు. గాలి పోయే చోట కొలిమి పెట్టుకోండిరా అని పోరుతన్నాను.

నిన్న అటక ఎక్కించాను మా తమ్ముడి కొడుకుని. మా అమ్మ నీళ్లు మోసిన బిందె ఉంది, అడుగు పోయి ఇరవయ్యేళ్లుగా పడి ఉంది. దించి తూచితే పావు తక్కువ రెండు కేజీలు. మెడ దగ్గర మా నాన్న చెక్కిన తీగె ఇంకా ఉంది, ఆ ముక్క మాత్రం కోసి దాచమన్నాను. మిగతాది కరిగిస్తాం. మా వాడు వచ్చాక, వాడి చేత్తోనే మూస ఎత్తి పోయించాలని. వాడికి పద్నాలుగో ఏట ఒకసారి ఎత్తాడు, మళ్లీ ఎత్తలేదు.

టెక్కలి హవల్దార్

అన్నగారూ, పోత పోసే రోజు చెప్పండి. టెక్కలి నుంచి నేనూ వస్తాను. మా ఇంట్లో ఒక దీపపు సెమ్మె ఊగుతోంది, అది కూడా చూపించాలి.

బుడితి తాత

రా తమ్ముడూ. కనుమ వెళ్లిన మర్నాడు కొలిమి రాజేస్తాం. సెమ్మె తెస్తే దీపం బిళ్ల ఇప్పకుండా తే, మర ఎలా తిరిగుందో చూడాల. మాస్టారూ, మీ గంట కూడా ఆ రోజుకే తెచ్చేయండి. బరువు ముందే చెప్తే తగరం నరసన్నపేటలో తెచ్చి ఉంచుతాను.

విజయనగరం మాస్టారు

స్టాఫ్ రూంలో తూచాం. 7 కేజీల 200 గ్రాములు.